జీర్ణకోశమును గూర్చిన వైద్యపరిభాష

(సంఘ మహిళా విభాగమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము ఏదైన నొక విషయమును గూర్చి ప్రసంగింపుమని మన సంఘమువారు కోరినప్పుడు నేను పురాణకాలక్షేపమో, పద్యపఠనమో చేయుదునని కొందరు తలచియుందురు. నేను ముప్పది సంవత్సరములు ప్రభుత్వ వైద్యశాలలలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసికొనినదానను. నేను మిక్కిలిగా చదివిన సాహిత్యము రోగుల చీటీలలో నుండునదియే. కావున దానినుండియే విషయము నెన్నుకొంటిని. అందును జీర్ణకోశపు మాటలనే యెన్నుకొనుటకు కారణము కలదు. ఆస్పత్రికి వచ్చు మనవారిలో కడుపు సంగతి చెప్పుకొనవచ్చువారే హెచ్చు. చెప్పలేక తడబడువారును వారే.

కాకినాడలోనో, కర్నూలులోనో, వరంగల్లులోనో ఉన్నవారికి ఈ చిక్కు లేదు. అచ్చట వైద్యునితో తెలుగున చెప్పుకొందురు. బదిలీలపై బ్రతుకు మనకు అట్లు కాదు. నేడు ఢిల్లీ, మూడేండ్లకు భోపాలు, ఆపైన కలకత్తా. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యపథకము 1954లో ఢిల్లీయందు ఆరంభమైన నాటినుండి మనకు డిస్పెన్సరీలు కలవు, మందులు కలవు. కాని వరుసలో గంటసేపు నిలిచి లోపలికి పోయిన తరువాత వైద్యునియెదుట మనకు దొరకునది నాలుగైదు నిమిషములు మాత్రమే. ఆ నాలుగు నిమిషములలో నోట వచ్చు నాలుగు మాటలను బట్టియే చికిత్స యారంభమగును.

ఒక ఉదాహరణము చెప్పెదను. గోదావరి ప్రాంతమునుండి కుమారునియింటికి వచ్చిన ముసలమ్మ యొకామె మనుమని వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినది. కొడుకు, కోడలు ఇరువురును కచేరీలకు పోయియుండిరి. పిల్లవాడు ఎనిమిదవ తరగతి. అవ్వ వానితో, "వికారంగా ఉందిరా నాయనా, నిన్నటినుంచి విరేచనం కాలేదు, చెప్పు" అన్నది. పిల్లవాడు చురుకైనవాడే. రెండు మాటలును తాను హిందీపుస్తకములలో చూచినవే కనుక, "పేట్ మే వికార్ హై, విరేచన్ నహీ హువా" అని డాక్టరుగారికి విన్నవించెను. హిందీలో వికారమన్న ఏ దోషమైనను కావచ్చును. మనము వికారమని యనుదానిని వారు "జీ మిచలానా" అందురు. విరేచనమన్న వారికి మందిచ్చి కడుపు కడుగుట. డాక్టరుగారికి అందినది ఇంతే: కడుపులో నేదో బాధ, సుఖవిరేచనమునకు మందు కావలెను. కలము తీసి వ్రాయబోవుచుండిరి. నేను ప్రక్కనే యుండి, "అమ్మా, నొప్పి ఎక్కడమ్మా?" అని తెలుగున నడిగితిని. ఆమె మొదట బొడ్డుచుట్టు చూపి, "పొద్దున ఇక్కడ, ఇప్పుడిక్కడ" అనుచు కుడివైపు పొత్తికడుపుమీదికి చేయి జరిపినది. డాక్టరుగారు కలము క్రింద పెట్టిరి. ఆ సాయంకాలమే ఆమెకు అపెండిక్సు శస్త్రచికిత్స జరిగినది.

అపెండిక్సు వాచియున్నప్పుడు విరేచనకారి నిచ్చిన నది పగిలి, చీము కడుపంతయు ప్రాకు ప్రమాదము కలదు. మన యిండ్లలో కడుపునొప్పి యన్నంతనే ఆముదపుసీసా వెదకు అలవాటు ఇంకను పూర్తిగా పోలేదు. కారణము తెలియని నొప్పికి, అందును బొడ్డు దగ్గర మొదలై కుడిప్రక్కకు దిగిన నొప్పికి, ఆముదము పనికిరాదు. ఈ యొక్క సంగతి జ్ఞాపకమున్నను నా ప్రసంగము వృథా కాదు.

సంస్కృతపదము రెండుభాషలలో నున్నంతమాత్రమున అర్థ మొక్కటియే యని నమ్మరాదు. మరియొక నిదర్శనము గ్రహణి. తెలుగువారికి గ్రహణి యొక వ్యాధి: అన్నమరుగక, విరేచనములు విడువక, మనిషి చిక్కిపోవు జబ్బు. హిందీ వైద్యపరిభాషలో గ్రహణి వ్యాధి కాదు, అవయవము. జీర్ణాశయమును వదలిన వెంటనే వచ్చు పేగుభాగమునకు ఆ పేరు పెట్టిరి. ఆయుర్వేదమున ఈ రెండర్థములును కలవు. అగ్నికి స్థానమైన అవయవమును గ్రహణియే, దాని దోషమువలన వచ్చు రోగమును గ్రహణియే. తెలుగు రోగమును తీసికొనినది, హిందీ అవయవమును తీసికొనినది. మనవా రెవరైనను "ముఝే గ్రహణీ హై" యనినచో వైద్యుడు నవ్వి, "అది అందరికిని కలదు" అనవచ్చును.

గ్రహణి మాట వచ్చినది కనుక యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపక ముందునకు పోజాలను. ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. మనవారు సంగ్రహణి యని పిలుచుచుండిన జబ్బులలో స్ప్రూ యనున దొకటి. ఆ మాట డచ్చిభాషనుండి వచ్చినది. సుబ్బారావుగారి సోదరు లావ్యాధిచే మరణించిరి. ఆయనకే యది సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే స్వస్థత కలిగినదని ఆయన చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆ తరువాత అమెరికాకు పోయి, లెడర్లె పరిశోధనశాలలో ఆయన నడిపిన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమముగా తయారు చేసినది. ఆ మందే స్ప్రూరోగులకు ఉపయోగపడినది. ఫోలియమన్న లాటిను భాషలో ఆకు. పాలకూరనుండి తీసిన పదార్థము కనుక ఆ పేరు. నేడు గర్భిణీస్త్రీలకు డిస్పెన్సరీలో నిచ్చు చిన్నమాత్రలలో నున్నదియు అదియే. మాత్ర చేతికి వచ్చినప్పుడైనను మన భీమవరము జ్ఞాపకమునకు వచ్చిన బాగుండును.

ఇక నోటినుండి బయలుదేరి క్రిందికి నడచి వత్తము. వైద్యుల మాటలలో చాలభాగము గ్రీకు, లాటిను భాషలనుండి వచ్చినవి. వానిని వల్లెవేయుట కష్టము. విడదీసిన మాత్రము సులభము. మన సమాసములవలెనే అవియు సమాసములు.

గ్రీకున స్టొమా యన్న నోరు. నోటిపూతను స్టొమటైటిస్ అందురు. ఇంగ్లీషులో స్టమక్ అను మాటయు ఈ నోటి మాటనుండియే పుట్టినది. ఇది పాండిత్యమునకై చెప్పుట లేదు. పెద్దపేగునకు శస్త్రచికిత్స జరిగినవారికి కొందరికి పొట్టమీద రంధ్రము చేసి మల మచ్చటినుండి సంచిలోనికి వచ్చునట్లు చేయుదురు. దానిని కొలాస్టమీ యందురు, అనగా పెద్దపేగునకు పెట్టిన నోరు. ఆ రంధ్రమును వైద్యులు స్టొమా యని పిలుతురు. బంధువులు దానిని స్టమక్ అనుకొని, "కడుపు శుభ్రముగా నుంచు మనుచున్నారు" అని పథ్యము మొదలుపెట్టుట నేను కన్నులార చూచితిని. శుభ్రపరుపు మనినది ఆ రంధ్రముచుట్టునున్న చర్మమును.

నోటినుండి క్రిందికి పోవు గొట్టము ఇసోఫేగస్. మన పాఠ్యపుస్తకములలో ఆహారవాహిక. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మ్రింగుట కష్టమైన డిస్‌ఫేజియా యందురు. దీనికి కవలవలె ధ్వనించు డిస్‌ఫేసియా యను మాట యున్నది. అది పలుకు తడబడుట, మెదడునకు సంబంధించినది. చీటీ చదివి ఫోనులో బంధువులకు చెప్పునప్పుడు ఒక్క అక్షరముతో గొంతునుండి మెదడునకు పోవుదుము.

ఆహారవాహిక జీర్ణాశయమున కలియు చోటు కార్డియా. కార్డియా యన్న గ్రీకున గుండె. కడుపు ముఖద్వారము గుండెకు చేరువ నుండుటచే ప్రాచీను లారెంటికిని ఒకే మాట వాడిరి. మనమును పులుపు పైకి తన్నినప్పుడు గుండెలో మంట యనుచున్నాము. హిందీవారు కలేజాలో మంట యందురు. కలేజా యన్న నిజమునకు కాలేయము, మన మాంసపుటంగడిలో కార్జము. మూడుజాతులవారును ఆ చోటునే చేయిపెట్టి మూడు పేర్లు చెప్పుచున్నారు. ఇందులో హాస్యము కొంత, అపాయము కొంత. గుండెపోటు వచ్చినవారు గ్యాస్ అనుకొని సోడా త్రాగి రాత్రియంతయు కూర్చుండుట ప్రతి వైద్యశాలకును తెలిసిన కథ. రొమ్ము నడుమ బరువు, చెమట, ఆయాసము, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి: వీనిలో నేది యున్నను గ్యాస్ అను మాట నోట రానీయక, "ఛాతీలో నొప్పి" యని చెప్పుడు. ఆ మాట విన్నచో వరుసలో నిలువబెట్టరు. గ్యాస్ అనిన నిలువబెట్టుదురు.

జీర్ణాశయమునకు గ్రీకున గ్యాస్టర్. గ్యాస్ట్రిక్ అన్న కడుపునకు సంబంధించిన దని మాత్రమే యర్థము. అది జబ్బు పేరు కాదు. "మావారికి గ్యాస్ట్రిక్ ఉన్నదండీ" యని మనవారు చెప్పుట, "మావారికి కడుపు సంబంధమైన దున్నదండీ" యనుటతో సమానము. మంటయా, ఉబ్బరమా, త్రేన్పులా, తినగానే నొప్పియా, తినిన తగ్గు నొప్పియా, రాత్రి నిద్రనుండి లేపు నొప్పియా, ఇవి చెప్పవలెను. ఇవన్నియు మన వంటింటి మాటలే. వైద్యునికి కావలసినవియు ఇవియే. అల్సరు వంటి పెద్దమాట మనము ముందుగా చెప్పి ఆయన ఆలోచనను ఒక దారికి త్రిప్పుట మంచిది కాదు.

జీర్ణాశయము అడుగుద్వారము పైలోరస్, అనగా ద్వారపాలకుడు. పేరు పెట్టినవా డెవడోగాని రసికుడు. ఆ ద్వారము దాటిన వచ్చునది డుయోడినమ్. లాటిను భాషలో పన్నెండు. పన్నెండు వ్రేళ్ళ వెడల్పంత పొడవు గలదని ఆ పేరు. మన లెక్కలో పన్నెండు అంగుళములు ఒక జాన. జానెడు పొట్టకొరకు అని మనము వాడు మాట యున్నది గదా, పొట్ట సంగతి యెట్లున్నను ఈ పేగుభాగము మాత్రము నిజముగనే జానెడు. మన పాఠ్యపుస్తకములలో ఆంత్రమూలము. ఇది నాకు మిగుల నచ్చిన మాట. చిన్నపేగునకు మొదలు అని చెప్పకయే చెప్పుచున్నది. దీని తరువాతి భాగము జెజునమ్, అనగా ఉపవాసి. శవపరీక్షలలో ఎప్పుడు చూచినను ఖాళీగా కనబడుటచే ఆ పేరు వచ్చినది. చివరిభాగము ఇలియమ్.

ఇచ్చట తెలుగులిపి మనల నొక చిక్కున పెట్టును. తుంటియెముకలోని పైభాగమునకును ఇలియమ్ అనియే పేరు. ఇంగ్లీషులో వానికి ఒక్క అక్షరము తేడా. తెలుగున వ్రాసిన తేడాయే లేదు. కనుక ఎవరైనను ఇలియమ్ అని వ్రాసినచోట పేగా యెముకయా అని స్పష్టముగా వ్రాసికొనవలెను. ఇట్టివి యున్నందుననే తెలుగుమాట వాడుటలో లాభము కలదని నా యభిప్రాయము.

చిన్నపేగు సుమారు 6 మీటర్లు. పెద్దపేగు ఒకటిన్నర మీటరు. పొడవులో చిన్నదానిని పెద్దదని, పెద్దదానిని చిన్నదని యనుచున్నాము. వెడల్పునుబట్టి పెట్టిన పేర్లవి. రెండును కలియుచోట నున్న మూసిన సంచి సీకమ్, అనగా గ్రుడ్డిది. మనవా రదే యర్థముతో అంధనాళమనిరి. దానికి వ్రేలాడు తోకయే అపెండిక్సు, మన పుస్తకములలో ఉండుకము. పెద్దపేగు కోలన్, దాని చివర రెక్టమ్, అనగా నిటారైనది. పాఠ్యపుస్తకములవారు పురీషనాళమనిరి. శాస్త్రమునకు మంచిమాటయే గాని ఇంటిలో నెవరును పలుకజాలరు. హైదరాబాదులో 1968లో తెలుగు అకాడమీ యేర్పడిన తరువాత ఈ మాటలు కళాశాలల పుస్తకములలో స్థిరపడినవి. ఢిల్లీలో చదువు మన పిల్లలకు మాత్రము ఇవి తెలియవు. వారు హిందీపుస్తకములలోని ఆమాశయము, యకృత్తు, అగ్న్యాశయము నేర్చుకొందురు. మన క్లోమమే వారి అగ్న్యాశయము. మన కాలేయమే వారి యకృత్తు. ప్రాచీన ఆయుర్వేదగ్రంథములలో క్లోమమన్న ఏ యవయవమో పండితులలో నేటికిని వివాదము కలదు. తెలుగు పాఠ్యపుస్తకములవారు మాత్రము దానిని పాంక్రియాసునకు స్థిరపరచి పని నడుపుచున్నారు. మంచిపనియే చేసిరి.

కాలేయము దగ్గర కొంచె మాగవలెను. దానికి గ్రీకున హెపార్. మాటచివర ఐటిస్ చేరిన వాపు, తాపము అని యర్థము. అట్లే హెపటైటిస్, కాలేయపు వాపు. అపెండిసైటిస్, కొలైటిస్, గ్యాస్ట్రైటిస్ అన్నియు ఈ యచ్చులో పోసినవే. పచ్చకామెర్లు అనునది వేరు. అది జబ్బు కాదు, జబ్బునకు గుర్తు. పైత్యరసములోని పసుపుపదార్థము రక్తమున నిలిచిపోయిన కన్నులు పచ్చనగును. వైరసుచే కాలేయము వాచినను నిలుచును, రాయి యడ్డుపడినను నిలుచును, కణితి యడ్డుపడినను నిలుచును. మనవారు కామెర్లకు పసరు త్రాగింతురు. కలుషితజలమువలన వచ్చు కామెర్లు చాలమందిలో కొన్ని వారములలో వానియంతట నవి తగ్గును. కీర్తి పసరునకు పోవును. రాయిచే వచ్చిన కామెర్లు పసరుతో తగ్గవు, ఆ వారములలో ముదురును. అందుచే "కామెర్లు" అని చెప్పి యూరకుండక, మూత్రము ముదురుపచ్చగా నున్నదా, మలము సున్నమువలె తెల్లగా నున్నదా, ఒడలు దురదగా నున్నదా, చలిజ్వరము వచ్చినదా యని గమనించి చెప్పవలెను.

ఢిల్లీవాసులకు ఈ మాటతో పాతపరిచయము కలదు. 1955 చివరను, 1956 ఆరంభమునను యమునలో మురుగునీరు త్రాగునీటితో కలియగా సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చినవి. ఆనాడు దానిని కలుషితజలపు హెపటైటిస్ అని మాత్రమే గుర్తించిరి. చాలకాలమునకు, భద్రపరచిన రక్తపు నమూనాలను పరీక్షించి, అది నేడు హెపటైటిస్ ఇ యని పిలువబడు జాతి యని తేల్చిరి. ఎ, ఇ అను రెండును ముఖ్యముగా నీటివలన, ఆహారమువలన వచ్చునవి. బి, సి రక్తమువలన వచ్చునవి. చీటీలో హెపటైటిస్ అని చూడగానే కంగారుపడక, దాని తరువాతి అక్షరమును చదువుడు. సంగతి యంతయు ఆ యక్షరములోనే యున్నది.

పైత్యమునకు గ్రీకున కోలె, సంచికి సిస్టిస్. కోలిసిస్ట్ అన్న పిత్తాశయము. ఎక్టమీ యన్న కోసి తీసివేయుట. కావున కోలిసిస్టెక్టమీ పిత్తాశయమును తీసివేయుట, కోలెక్టమీ పెద్దపేగును తీసివేయుట. తొందరలో ఒకటి మరొకటిగా వినబడును. అంగీకారపత్రముమీద సంతకము చేయునప్పుడు ఏ యవయవమో వ్రేలితో చూపింపుమని యడుగుడు. అడిగినందుకు ఏ మంచివైద్యుడును కోపింపడు. ఎక్టమీ తీసివేయుట, ఆస్టమీ నోరు పెట్టుట, ఆటమీ కోసి తెరచుట, స్కోపీ లోపల చూచుట. ఈ నాలుగు తోకలు తెలిసిన చీటీలో సగము తెలిసినట్లే.

ఇక చెప్పుటకు మనము సిగ్గుపడు సంగతి. మలమును గూర్చి మాటాడవలసివచ్చిన మన స్త్రీలు తల వంచుకొందురు. భర్తతో చెప్పింతురు, భర్త సగము మ్రింగి చెప్పును. వైద్యశాలలో నిది సిగ్గుపడవలసిన మాట కాదు. నీళ్ళవిరేచనములు వేరు, వానిని హిందీలో దస్త్ అందురు. జిగట, రక్తము కలిసినవి వేరు, అవి పేచిస్. మలబద్ధకము కబ్జ్, వాంతి ఉల్టీ, కామెర్లు పీలియా, మొలలు బవాసీర్. ఈ యారు మాటలు వ్రాసికొని సంచిలో నుంచుకొనుడు. ఎఱ్ఱని రక్తము పడినను మొలలే యని ఇంటిలోనే తీర్పు చెప్పుకొనరాదు. మలము తారువలె నల్లగా, జిగురుగా, దుర్వాసనతో నున్నచో అది పైభాగమున కారిన రక్తము కావచ్చును. వైద్యులు దానిని మెలీనా యందురు, నల్లనిదని యర్థము. ఇనుపమాత్రలు మ్రింగువారికిని మలము నల్లనగును. కనుక మాత్రల సంగతియు కలిపి చెప్పవలెను. ఊరినుండి వచ్చిన పెద్దవారిని నీరసముగా నున్నదని తీసికొని వచ్చినప్పుడు, కీళ్ళనొప్పుల మాత్రలు ఎంతకాలమునుండి మ్రింగుచున్నారో, మలము రంగెట్లున్నదో నేను తప్పక యడుగుచుంటిని. అప్పుడప్పుడు జబ్బు ఆ జవాబులోనే దొరకెడిది.

చివరకు, మీలో నొకరు పంపిన చీటీ నాచేత నున్నది. పేరు చెప్పను. అందులో నొక మాట యిరువదియేడు అక్షరములు పట్టినదనియు, ఇంటిల్లిపాదియు భయపడి ఆ రాత్రి నిద్రపోలేదనియు వ్రాసిరి. ఆ మాట ఇసోఫేగోగ్యాస్ట్రోడుయోడినోస్కోపీ. నల్లబల్లమీద వ్రాసితిని, చూడుడు. ముక్కలు చేయుదము. ఇసోఫేగో, ఆహారవాహిక. గ్యాస్ట్రో, కడుపు. డుయోడినో, ఆ జానెడు పేగు. స్కోపీ, చూచుట. దీపముగల సన్నని గొట్టమును నోటిద్వారా పంపి, ఆ మూడుచోట్లను చూతురు. ముందు రాత్రినుండి ఏమియు తినరాదు, అంతే. ఆ సోదరి గురువారము ఉదయము పరగడుపున పోవలెను. కాఫీ కూడ త్రాగకుండ చూచు బాధ్యత ఆమె యత్తగారిది.